హదా కొండకు ఏం పట్టుకెళ్లాలి?

చలికాలం వచ్చిందంటే జెద్దాలోని మనవాళ్ల చూపు తాయిఫ్ దగ్గరి హదా కొండల మీదే. క్యాంపింగ్ సామాన్లకు బలద్ బజారుకు వెళ్లినప్పుడు, కొత్తగా వచ్చిన తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, అడవి జంతువులొస్తే? తుపాకీ ఏదైనా దొరుకుతుందా?"

ఆ మాటే ఎత్తొద్దన్నాను. లైసెన్స్ లేని తుపాకీ ఇక్కడ నేరం. ఇఖామా మీద బతికే మనకు ఆ గొడవెందుకు?

అసలు అక్కడ ఎదురయ్యేవి బబూన్ కోతులు. ఘాట్‌రోడ్డు పక్కన గుంపులుగా కూర్చుంటాయి. మగదాని కోరలు చూస్తే తిరుమల కోతులు పసిపిల్లలనిపిస్తాయి! జనం తిండి పెట్టి అలవాటు చేయడంతోనే అవి మీదికొస్తున్నాయి. పెట్టడం నిషేధం కూడా. అన్నం గిన్నెలు కారులో పెట్టి తాళం వేస్తే సగం భయం పోయినట్టే.

నన్నడిగితే, భయపడాల్సింది తేళ్లకు. వాటి మీద ఏ తుపాకీ పేలుస్తాం? అందుకే అల్ట్రావయొలెట్ టార్చి కొనిపించాను. ఆ వెలుగులో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది, దూరం నుంచే కనబడిపోతుంది. గుడారానికి అడుగు గుడ్డ కలిపి కుట్టి ఉండాలి, జిప్ గట్టిగా పడాలి. చెప్పులు కాదు, బూట్లు. పొద్దున్నే దులిపి మరీ వేసుకోవాలి. కుట్టిందా, నాటువైద్యం జోలికి పోకుండా వెంటనే 997కు ఫోన్ చేయండి, అంబులెన్స్ వస్తుంది. కొండల్లో సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. గుడారం వేసే ముందే ఫోన్ చూసుకోండి.