చిన్న కాఫీ తోట: మొదటి నాలుగేండ్లు గడచుట ఎట్లు?

హైదరాబాదు నగరమున జూబిలీ హిల్స్, ఫిలింనగర్ ప్రాంతములలోని కాఫీ దుకాణములలో కప్పు కాఫీకి వంద రూపాయలు, అంతకు మించి కూడ పుచ్చుకొనుచున్నారు. ఆ ధర విన్న రైతుకు రెండు సందేహములు కలుగుట సహజము. జూబిలీ హిల్స్ కూడ కొండయే కదా, ఈ పంట అక్కడ ఎందుకు పండదు? ఎకరము కాఫీ వేసినచో ఆ ధరలో నాకెంత దక్కును? ఈ రెండును తెలిసికొనిన పిమ్మటనే గుంట తీయుట మంచిది.

తగిన తావు

హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఏటి వర్షము 800 మి.మీ. ప్రాంతము. వేసవిలో ఎండ 40 డిగ్రీలకు చేరును. అరబికా కాఫీకి 1000 మీటర్లకు అటునిటుగా ఎత్తు, 15 నుండి 25 డిగ్రీల చల్లదనము, 1200 మి.మీ.కు మించిన వర్షము, నీరు నిలువని నేల, పైన చెట్ల నీడ కావలెను. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి కొండలలో ఇవి కలవు. చుట్టును మైదానము వేడెక్కియుండగా ఈ కొండలు సముద్రములో దీవివలె చల్లగా నుండును. వానకాలమున గెడ్డలు పొంగి దారి తెగినపుడు కొన్ని గూడెములు నిజముగనే దీవులగును. అందుచే బియ్యము, ఉప్పు, మందులు ముందుగా చేర్చి పెట్టుకొనుట ఇక్కడి వ్యవసాయములో ఒక భాగము.

ఈ కొండలలో కాఫీ పండించువారిలో అత్యధికులు గిరిజన రైతులే. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది.

భూమి సంగతి

షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనులు కానివారికి భూమి బదిలీ చెల్లదు. 1970లో వచ్చిన ఈ నిబంధననే జనులు 1/70 చట్టమందురు. కావున మైదానమునుండి వచ్చి ఇక్కడ తోట కొనదలచినవారు ఆ యోచన మానుకొనవలెను. గిరిజన సోదరులారా! కాఫీకి పేరు వచ్చినకొలది మీ భూమిపై ఇతరుల కన్ను పడును. చదివి తెలిసికొనకుండ ఏ కాగితము మీదను సంతకము చేయకుడు.

తోట వేయుట

మొదట అరయెకరముతో ప్రారంభింపుడు. ఉన్న చెట్లను నరికివేయరాదు. నీడ పలుచగా నున్నచోట సిల్వర్ ఓక్ మొక్కలు ముందుగా నాటవలెను. ఆరడుగుల ఎడమున అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు గల గుంటలు తీసి, పశువుల యెరువు కలిపిన మట్టితో నింపి, వానలు నిలుకడగా పడునపుడు కాఫీ మొక్కలు నాటవలెను. ఈ ఎడమున ఎకరమునకు 1210 మొక్కలు పట్టును. వేసవిలో మొక్కల మొదళ్ళకు ఎండుటాకులు కప్పినచో తేమ నిలుచును. సిల్వర్ ఓక్ ఎదిగిన పిమ్మట దానిపై మిరియపు తీగ ప్రాకించినచో రెండవ ఆదాయము కలుగును.

మూడవ యేట కొద్దిగా కాయ కనబడును. చెప్పుకొనదగిన పంట నాలుగవ యేటనో, ఐదవ యేటనో వచ్చును. ఆ తరువాత కూడ ఏటికి ఒక్క పంటయే. కావున కాఫీ వేసితిమని చోడి, సామ, వరి పొలములను విడువరాదు. ఇంటి తిండి పొలమునుండి, చేతి సొమ్ము పసుపు వంటి పంటలనుండి వచ్చుచుండగా కాఫీ నెమ్మదిగా ఎదుగవలెను. మొదటి యేటనే అప్పు తెచ్చి మొత్తము భూమిని కాఫీకి మార్చినవాడు, కాయ రాకముందే వ్యాపారికి పంటను ఒప్పజెప్పవలసి వచ్చును.

పురుగుల బాధ

తెల్ల కాండము తొలుచు పురుగు ఎండ తగులు మొక్కలపై గ్రుడ్లు పెట్టును. నీడయే దీనికి మొదటి మందు. పట్టిన మొక్కను పెరికి కాల్చివేయవలెను. 2025లో అరకు ప్రాంతమున కాయ తొలుచు పురుగు కూడ కనబడినది. చెట్టున మిగిలిన కాయలను, రాలిన కాయలను తప్పక ఏరవలెను. పురుగు పట్టిన కాయలను మరుగు నీటిలో రెండు మూడు నిమిషములు ముంచి తీయవలెను. పొరుగు తోటలవారు కూడ చేసిననే ఇది ఫలించును.

ధరలో మీ వంతు

సుమారు ఆరు కిలోల పండ్ల నుండి ఒక కిలో శుభ్రమైన గింజ వచ్చును. వేయించిన పిదప అది ఎనిమిది వందల గ్రాములకు కొంచెము పైన తేలును. కప్పునకు పది గ్రాముల పొడి చొప్పున ఎనభై కప్పులగును. నగరమున కప్పునకు పుచ్చుకొను సొమ్ములో అంగడి అద్దె, పాలు, జీతములు, లాభము పోగా గింజకు మిగులునది స్వల్పము. ఆ స్వల్పమును పెంచుకొనుట మాత్రము మీ చేతిలో నున్నది. ఎర్రగా పండిన పండ్లనే కోయుడు. కోసిన నాడే తొక్క తీయుడు. మట్టి నేలపై గాక పట్టలపై ఆరబెట్టుడు. పచ్చికాయ కలిసిన బస్తాకు మంచి ధర అడుగుటకు వీలులేదు.

మొక్కల రకములను గూర్చియు, తెగుళ్ళను గూర్చియు చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానమువారిని, కాఫీ బోర్డువారిని అడుగుడు. పంట అమ్మకముందు గిరిజన సహకార సంస్థవారి ధరను కనుగొని, వ్యాపారి చెప్పిన ధరతో సరిపోల్చుకొనుడు.