జలుబు చేసిన ఇంట్లో



గత నెల నాకు గట్టిగా జలుబు చేసింది. గొంతు పూర్తిగా పోయింది. ఆదివారం వాక్యం సంఘ పెద్ద ఒకరు చెప్పారు. ఈ జలుబు వైరస్ వల్ల వచ్చింది, యాంటిబయాటిక్ మాత్రలు పని చేయవు, వారం పది రోజుల్లో అదే తగ్గుతుంది, విశ్రాంతి తీసుకోండి అన్నారు డాక్టరుగారు. సరేనని దుప్పటి కప్పుకొని టీవీ ముందు చేరాను.

మొదటి రోజు ‘బెన్‌హర్’ చూశాను. 1959లో వచ్చిన ఆ చిత్రం మూడున్నర గంటలు. మరునాడు ‘కరుణామయుడు’. 1978లో విజయచందర్ గారు యేసుప్రభువుగా నటించిన ఈ చిత్రాన్ని పల్లెల్లో తెర కట్టి చూపితే జనం నేల మీద కూర్చుని చూసేవారు. సిలువ దృశ్యం రాగానే నా కళ్లు చెమర్చాయి.

అప్పుడే వంటింట్లోంచి దగ్గు వినిపించింది. నా భార్యకూ అదే జలుబు. రెండు రోజులుగా నాకు మిరియాల కషాయం కాచి తెస్తూనే ఉంది. ఆమెకు ఒక గ్లాసెడు ఇచ్చినవారు లేరు. తెర మీది సిలువకు కరిగిన నా హృదయం గోడ అవతలి దగ్గుకు కరగలేదు!

ప్రభువు పేతురు ఇంటికి వెళ్లినప్పుడు జ్వరంతో పడుకున్న అతని అత్తను చూశాడు, ఆమె చెయ్యి ముట్టాడు (మత్తయి 8:14, 15). అది జనసమూహం ముందు జరిగిన అద్భుతం కాదు, ఇంటి లోపల జరిగినది.

టీవీ ఆపి లేచాను. ఈసారి కషాయం నేను కాచాను. మిరియాలు ఎక్కువై ఘాటెక్కింది. ఆమె నవ్వుతూనే తాగింది.

ప్రియ సహోదరులారా, జబ్బు పడినప్పుడు మంచి చిత్రం చూడటం తప్పని నేను అనను. చూడండి. కాని మధ్యలో ఒక్కసారి వంటింటి వైపు కూడా చూడండి.