ఇసుక పాట్‌కు సేఫ్టీ వాల్వ్

ఇనుము మీది తుప్పును, పాత రంగును గాలి జోరుతో ఇసుక కొట్టి వదలగొట్టడమే శాండ్‌బ్లాస్టింగ్. అమెరికాలో బెంజమిన్ టిల్గ్‌మన్ 1870లో దీనికి పేటెంటు పొందాడు. రంగుకు ముందు ట్రాక్టరు ట్రక్కును, టిప్పరు తొట్టిని తోమడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. కంపెనీ మిషను ఖరీదు భరించలేనివాళ్లు పాత గ్యాస్ బండనే ఇసుక పోసే పాట్‌గా మార్చుకుంటారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

బండను 25 కేజీల ఒత్తిడికి పరీక్షించారు కదా, 7 కేజీలకు ఏమవుతుందన్నది మామూలు వాదన. కోసి, సాకెట్లు వెల్డు చేశాక ఆ లెక్క చెల్లదు. కంప్రెసర్ గాలిలోని తేమకు లోపల తుప్పు కూడా పడుతుంది. (ఇంటికిచ్చే బండ అసలు కంపెనీ సొత్తు, కోయడానికే వీల్లేదు.) చదరపు సెంటీమీటరుకు 7 కేజీలు అంటే 32 సెంటీమీటర్ల వ్యాసమున్న అడుగు మీద ఐదున్నర టన్నుల పైమాటే. అందుకే కొత్త పాట్‌ను ముందు నీళ్లతో, పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకు పరీక్షిస్తారు. నీరు గాలిలా కుదించుకుపోదు కనుక పాట్ చీలినా పేలిపోదు.

కంప్రెసర్ ట్యాంకుకు వాల్వ్ ఉందిగా, పాట్‌కు మరొకటి దేనికి అంటారు కొందరు. ఆ వాల్వ్ ట్యాంకు తట్టుకునే ఒత్తిడికి బిగించినది. పాట్ అంతకన్నా బలహీనమైతే, ఆ వాల్వ్ తెరుచుకునేలోపే పాట్ పగులుతుంది. పాట్ వాల్వ్ పాట్ బలాన్ని బట్టి తెరుచుకోవాలి; కంప్రెసర్ పంపే గాలి మొత్తాన్నీ వదలగలగాలి. వాల్వ్‌కూ పాట్‌కూ మధ్య ఎలాంటి కాక్ ఉండకూడదు. ఇసుక మట్టానికి పైన, శుభ్రమైన గాలి ఉండే చోట నిలువుగా బిగించాలి. ఒక్క ఇసుక రేణువు సీటులో ఇరుక్కున్నా గాలి కారుతూనే ఉంటుంది. కారుతోందని స్ప్రింగు స్క్రూ బిగించేస్తే వాల్వ్ కాస్తా బిరడా అవుతుంది. పదిహేడో శతాబ్దంలో డెనిస్ పపాన్ తన ఆవిరి పాత్రకు పెట్టిన బరువు, నేటి కుక్కరు వెయిటు, ఈ స్ప్రింగు, మూడింటి పనీ ఒకటే.

సేఫ్టీ వాల్వ్ ఆపలేని ప్రమాదం ఒకటుంది. మునేరు నది ఇసుక సరిగా ఆరకపోతే నాజిల్‌లో గడ్డకడుతుంది. ఇసుక అయిపోయిందనుకుని మూత విప్పబోతారు. రెండంగుళాల మూతను 7 కేజీల గాలి దాదాపు 140 కేజీల బలంతో పైకి నెడుతుంటుంది. ఆఖరి మర వదిలిందంటే గుండులా లేస్తుంది. దీనికి లోపలి గాలిని వదిలే బ్లోడౌన్ కాక్ వేరే కావాలి. నది ఇసుక ధూళి ఊపిరితిత్తులకూ చేటే: సిలికోసిస్ భయంతో బ్రిటన్ పోతపోసిన వస్తువుల బ్లాస్టింగ్‌లో ఇసుకను 1949లోనే నిషేధించింది. శ్రీకాకుళం తీరంలో దొరికే గార్నెట్, లేదా రాగి స్లాగు అందుకు బదులు.

పని ఆపేటప్పుడు ముందు గాలి కాక్ కట్టి, తర్వాత బ్లోడౌన్ తెరవాలి. గేజు ముల్లు సున్నాకు దిగినా, బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగాకే మూత మీద పానా వేయాలి.