బర్మా స్వాతంత్ర్యమునకు ముందటి యేడు

1947 వ సంవత్సరమనినంతనే మనవారికి ఆగస్టు 15 వ తేది యొక్కటే స్ఫురించును. అందు వింత లేదు. కాని వ్యయ వెళ్లి సర్వజిత్తు వచ్చిన ఆ యేటనే బంగాళాఖాతమునకు ఆవలియొడ్డున బర్మాదేశము తన దాస్యమును వదలించుకొనుటకు చేసిన ప్రయత్నమును, ఆ ప్రయత్నమధ్యమున దాని నెత్తిన పడిన పిడుగును, విభజన కల్లోలములో మునిగియున్న మనలో అనేకులు చక్కగా గమనింపజాలకపోయిరి. 1937 ఏప్రిల్ 1 వ తేది వరకు బర్మా భారతదేశములోని యొక రాష్ట్రమే. కాకినాడలోను, విశాఖపట్టణములోను, గోపాలపురములోను పొగయోడ నెక్కిన తెలుగు కూలివానికి రంగూను పరదేశము కాదు. యానాము చెంతనున్న కోరంగి రేవు పేరనే బర్మావారు తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరవాసులలో సగమునకు మించి భారతీయులే. ఈ కారణముచే బర్మా వృత్తాంతము మనకు కేవలము విదేశవార్త గాదు.

ఆ యేటి కథ లండనులో ఆరంభమాయెను. 1946 డిసెంబరు 20 వ తేదిని ప్రధానమంత్రి అట్లీ బర్మా నాయకులను సంప్రదింపులకై ఆహ్వానించెను. చర్చిలు మహాశయుడు యథాప్రకారముగ ఆక్షేపించెను. ఆహ్వానితులలో ముఖ్యుడైన ఆంగ్ సాన్ కు అప్పటికి ముప్పదిరెండేండ్లైనను నిండలేదు. జపానువారి వద్ద యుద్ధవిద్య నేర్చి, వారితో దేశమున ప్రవేశించి, వారిచ్చిన స్వాతంత్ర్యము వట్టి బూటకమని తేలినపిమ్మట 1945 మార్చిలో వారిపైననే తిరుగబడిన సేనాని ఆయన. లండనునకు బోవుచు జనవరి తొలిదినములలో ఢిల్లీలో దిగి నెహ్రూ పండితుని కలిసికొనెను. ఆయన నూలు దుస్తులు చూచి, ఇంగ్లండు చలికి ఇవి యాగవని నెహ్రూ ఉన్ని దుస్తులను, పెద్దకోటును సిద్ధము చేయించెనని ప్రతీతి. ఆ పెద్దకోటుతోనున్న ఆంగ్ సాన్ చిత్రపటము బర్మాలో నేటికిని ప్రసిద్ధము.

జనవరి 27 వ తేదిని ఒడంబడిక కుదిరెను. ఏప్రిలులో రాజ్యాంగ నిర్మాణసభకు ఎన్నికలు జరుగవలెననియు, అంతవరకు గవర్నరుగారి కార్యనిర్వాహక సభయే తాత్కాలిక ప్రభుత్వముగ వ్యవహరింపవలెననియు, కొండప్రాంతములవారి స్వేచ్ఛాసమ్మతితోనే వారిని బర్మాతో కలుపవలెననియు అందలి ప్రధానాంశములు. ప్రతినిధులలో ఇద్దరు మాత్రము సంతకము చేయ నిరాకరించిరి. ఒకడు తకిన్ బాసేను. రెండవవాడు యుద్ధమునకు పూర్వము ప్రధానమంత్రిగ నుండి, జపానువారితో రహస్య మంతనములు సాగించెనని ఆంగ్లేయులచే ఉగాండాలో నిర్బంధింపబడిన యూ సా. ఈ రెండవ పేరును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

కొండప్రాంతముల సమ్మతి యనునది ఒడంబడికలో నొక వాక్యమే కాని, ఆచరణలో అదియే పర్వతమంత పని. బర్మా విస్తీర్ణములో పెద్దభాగము షాను సంస్థానాధిపతుల క్రిందను, కచిను, చిను జాతుల క్రిందను ఉండెను. ఆంగ్లేయుడు వీరిని మైదానపు బర్మనులతో కలియనీయక వేరుగ పాలించెను. ఆంగ్ సాన్ లండనునుండి వచ్చిన కొలది దినములకే షాను దేశములోని పాంగ్లాంగునకు బోయి, ఫిబ్రవరి 12 వ తేదిని వారితో తొమ్మిది అంశముల పత్రము వ్రాసికొనెను. సంతకములు 23. అంతరంగిక పరిపాలనలో కొండప్రాంతములకు పూర్ణ స్వాతంత్ర్యము సూత్రరీత్యా అంగీకరింపబడినది. న్యాయవాది కన్నుతో చూచినచో ఈ పత్రము మిక్కిలి క్లుప్తము. సరిహద్దులేవి, పన్నులెవరివి, వివాదము పుట్టినచో తీర్పరియెవడు అను ప్రశ్నలకు అందు జవాబు లేదు. పత్రమునకు బలము అందలి మాటలలో గాక ఆంగ్ సాన్ నోటిమాటపై జనులకుగల నమ్మకములో నుండెను. కరెనులు అందు చేరలేదు. ఏప్రిలు ఎన్నికలనుగూడ కరెను జాతీయ సంఘము బహిష్కరించెను. ఆ యెన్నికలలో ఆంగ్ సాన్ నాయకత్వముననున్న ఫాసిస్టు వ్యతిరేక ప్రజాస్వాతంత్ర్య కూటమి 210 స్థానములలో 173 గెలిచెను. జూను నెలలో సభ సమావేశమై, తకిన్ నూ అధ్యక్షుడుగ, బర్మా సర్వస్వతంత్ర గణరాజ్యము కావలెనని తీర్మానించెను.

ఇట్లుండగా జూలై 19 వచ్చెను. ఆనాడు శనివారము. ఉదయము పదిన్నర దాటిన కొలది నిమిషములకు, రంగూను సెక్రటేరియటులో మంత్రులు సమావేశమైయుండగా, సైనికుల దుస్తులు ధరించిన హంతకులు జీపుకారులో వచ్చి, మేడ యెక్కి, తలుపు త్రోసి మరతుపాకులు ప్రేల్చిరి. అరనిమిషములో అంతయు ముగిసెను. ఆంగ్ సాన్, ఆయన యన్న బా విను, తకిన్ మ్యా, పత్రికా సంపాదకుడైన డీడొక్ బా చో, కరెను నాయకుడు మాన్ బా ఖైంగు, విద్యామంత్రి అబ్దుల్ రజాకు, ఒక ప్రభుత్వోద్యోగి, రజాకుగారి అంగరక్షకుడగు బాలుడు మరణించిరి. షాను ప్రభువు సావ్ సాంటూన్ మరునాడు ఆసుపత్రిలో ప్రాణము విడిచెను. రజాకుగారి తండ్రి తమిళ ముస్లిము. తల్లి బర్మా బౌద్ధురాలు. ఒకే బల్లచుట్టు బర్మను, కరెను, షాను, భారతీయ సంతతివాడు కూర్చుండిరనుటకు అంతకుమించిన సాక్ష్యమక్కరలేదు.

గవర్నరు సర్ హ్యూబర్టు రాన్సు జాగుచేయలేదు. తకిన్ నూను పిలిచి ప్రభుత్వ నిర్మాణభారమును అప్పగించెను. ఈ యొక్క నిర్ణయమే దేశమును నాడు అరాజకమునుండి కాపాడెనని నా యభిప్రాయము. ఆ దినముననే సరస్సు నొడ్డుననున్న యూ సా గృహమును పోలీసులు ముట్టడించిరి. నాయకుని దండుగ చంపి, గవర్నరు తన్నే పిలుచునని అతడు లెక్కవేసికొని యుండెనని చెప్పుదురు.

విచారణ ముగ్గురు సభ్యుల ప్రత్యేక న్యాయస్థానము నెదుట నడచెను. జస్టిస్ చో మ్యింటు అధ్యక్షుడు. మా వృత్తివారికి ఇందు ఆసక్తి గొలుపు విషయమొకటి కలదు. హంతకులలో బా న్యూంటు అనువాడు అప్రూవరుగ మారెను. బర్మా భారతదేశమునుండి విడిపోయినను 1872 నాటి మన సాక్ష్యచట్టమే అచ్చటను చెల్లుచుండెను. సహాపరాధి సాక్ష్యముపై శిక్షించుట చట్టవిరుద్ధము కాదని అందలి 133 వ సెక్షను చెప్పుచుండెను. ముఖ్యాంశములలో వేరు బలము లేనిచో అట్టివానిని నమ్మరాదని 114 వ సెక్షను ఉదాహరణము హెచ్చరించుచుండెను. ఆ బలమును యూ సా గృహము చెంతనున్న సరస్సే యిచ్చెను: నీటి యడుగునుండి ఆయుధములు బయటపడెను. ఆ యాయుధములు ఆంగ్ల సైన్యపు నిల్వలనుండి దొంగతనముగ వచ్చినవి. ఆ సంబంధమున ఆంగ్ల సైన్యాధికారులు నిర్బంధితులైరి. కెప్టెన్ వివియన్ అనువానికి కారాగారశిక్ష పడెను. దీనినిబట్టి ఆంగ్ల ప్రభుత్వమే హత్య చేయించెనని బర్మాలో నేటికిని నమ్మువారు కలరు. అధికారుల ద్రవ్యాశ రుజువైనది గాని, ప్రభుత్వపు కుట్ర రుజువు కాలేదు. డిసెంబరు 30 వ తేదిని యూ సాకును, అతని యనుచరులకును మరణదండన విధింపబడెను. అప్పీళ్లు పోయిన పిదప 1948 మే 8 వ తేదిని అతనిని ఉరితీసిరి.

సెప్టెంబరు 24 వ తేదిని రాజ్యాంగము ఆమోదింపబడెను. దాని రచనలో బర్మా న్యాయవేత్త యూ చాన్ టూన్ కు మన బెనెగల్ నరసింగరావుగారు సలహాదారుగ తోడ్పడిరి. షాను, కరెన్ని సంస్థానములకు పదియేండ్ల పిమ్మట వేరుపడు హక్కును ఆ రాజ్యాంగమిచ్చెను, కచినుల కీయలేదు. ఇచ్చినవారి హక్కును నిజముగ వాడనిచ్చిరా యన్నచో, గడువు తీరిన నాలుగేండ్లకు, 1962 మార్చి 2 వ తేదిని, సైన్యము రాజ్యాంగమునే త్రోసివైచెను. ప్రథమాధ్యక్షుడుగ నుండిన షాను ప్రభువు సావ్ ష్వే టైక్ ఆ యేటనే కారాగారమున మరణించెను.

అక్టోబరు 17 న నూ, అట్లీల సంధియు, డిసెంబరు 10 న బర్మా స్వాతంత్ర్య చట్టమును ఒకదానివెంట నొకటి ముగిసెను. జ్యోతిష్కులు 1948 జనవరి 4 వ తేది తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషములకు ముహూర్తము పెట్టిరి. అర్ధరాత్రమున లేచిన మనము వారిని పరిహసింపజాలము.

ఇక మనవారి మాట. రాజ్యాంగపు 11 వ సెక్షను ప్రకారము, ఆంగ్ల సామ్రాజ్యమునందెచ్చటనో పుట్టి బర్మాలో నివసించినవాడు, 1942 జనవరి 1 కి గాని, 1948 జనవరి 4 కి గాని ముందు పదియేండ్లలో ఎనిమిదేండ్లకు తక్కువగాక అచ్చటనుండి, అచ్చటనే స్థిరపడ నుద్దేశించినచో, పౌరత్వమును కోరవచ్చును. రెండు తేదులు పెట్టుటలో న్యాయబుద్ధి యున్నది. జపాను దాడిలో పారిపోయినవారి పూర్వనివాసము లెక్కకు వచ్చును. కాని రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేసిన తెలుగు కూలి మేస్త్రీ వెంట పోయి, రెండు మూడేండ్లు కష్టపడి, అప్పు తీర్చి, ఇంటికి వచ్చి, మరల పోవువాడు. పదింట ఎనిమిదని వాడేరీతిని లెక్క తేల్చును? తేల్చినను కాగితమేది? 1942 లో రంగూనుపై బాంబులు పడినపుడు, సుమారు అయిదు లక్షలమంది భారతీయులు కాలినడకను, ఓడలమీదను పారిపోయినపుడు, బిడ్డలను మోసికొని వచ్చుటే గగనమైనది, రసీదులు తెచ్చినవారెందరు? ఇది చాలదన్నట్లు 1947 లోనే వచ్చిన వలస నిబంధనల చట్టముచే, తిరిగి పోగోరువానికి అనుమతిపత్రము కావలసివచ్చెను.

బర్మావారి భయమునకు కారణము లేకపోలేదు. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీల సమ్మెకాలమున బర్మనులను పనికి పెట్టుకొని, సమ్మె తీరగానే వెడలగొట్టినది ఓడల కంపెనీలు. కొట్టుకొని చచ్చినది రెండు జాతుల కూలీలు. పొలములు చెట్టియార్ల వశమైన కోపము వేరు. ఆ కోపపు ఫలమును అనుభవించినది మాత్రము భూమి యనునది సెంటైన లేని మన గంజాము, విశాఖ, గోదావరి మండలములవాడు. 1962 తరువాత సైనిక ప్రభుత్వము దుకాణములను, వ్యాపారములను జాతీయము చేసినపుడు లక్షలమంది భారతీయులు ఆ దేశము విడిచిరి. వారిలో తెలుగువారు దిగిన తావులలో నొకటి విశాఖపట్టణమున నేటికిని బర్మాక్యాంపు అని పిలువబడుచున్నది.