పాత చీరతో కొత్త బొంత: బెంగాల్ కాంథా కుట్టుపని

హౌరా నుంచి ఖరగ్‌పూర్ వెళ్లే రైలు మార్గంలో మొదటి స్టేషన్ టికియాపారా. కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున, హౌరా నగరంలో ఉన్న పేట ఇది. ఒక పక్క రైలు పెట్టెల షెడ్లు ఉంటాయి. కొద్ది దూరంలో, హౌరా మైదాన్ దగ్గర, మంగళవారం పేరు మీద నడిచే మంగ్లా హాట్ అనే పెద్ద బట్టల సంత ఉంది. కొత్త బట్ట గుట్టలుగా దొరికే ఈ ప్రాంతంలోనూ పుట్టిన బిడ్డకు పాత చీరలతో పక్క కుట్టి ఇవ్వడం బెంగాలీల ఆచారం. ఆ పక్కబట్టే కాంథా. మన వాళ్ల కోసం మనమే ఒక కాంథా ఎలా కుట్టవచ్చో, అందులో పాత బట్టకే ఎందుకంత విలువో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కాంథా అంటే ఏమిటి?

సంస్కృతంలో 'కంథ' అంటే బొంత. ఆ మాట తెలుగు నిఘంటువుల్లోనూ ఉంది. మన ఇళ్లలోనూ పసిబిడ్డ పొత్తిళ్లకు మెత్తబడిన పాత బట్టనే వాడతారు. కాబట్టి ఇది మనకు కొత్త విషయం కాదు. అరిగిన చీరలను, ధోవతులను పొరలుగా పరిచి, అన్ని పొరలూ కలిసేటట్టు రన్నింగ్ కుట్టు వేస్తే కాంథా తయారవుతుంది. మధ్యలో దూది పెట్టరు. పూర్వం దారం కూడా కొనేవారు కాదు, చీర అంచుల్లోంచి రంగు పోగులు లాగి వాడేవారు. చలికాలంలో కప్పుకునే మందపు కాంథాను లేప్ అంటారు. పుస్తకాలు, విలువైన వస్తువులు చుట్టేది బేటన్. అద్దం మీద కప్పేది ఆర్షీలతా.

ఇవి ఎక్కువగా సొంతవాళ్ల కోసం కుట్టినవే. 19వ శతాబ్దంలో మానదాసుందరి దాసి అనే మహిళ తన తండ్రి కోసం కుట్టిన కాంథా ప్రసిద్ధమైనది. ఐ.సి.ఎస్. అధికారి గురుసదయ్ దత్ (1882-1941) పల్లెల్లో తిరిగి ఇటువంటి పనులను సేకరించారు. ఆ సేకరణతో కోల్‌కతాలోని జోకాలో ఆయన పేరిట మ్యూజియం ఏర్పడింది. 2008లో పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

పాత బట్టే ఎందుకు?

ఎన్నోసార్లు ఉతికిన నూలు బట్టలో గంజి పోయి ఉంటుంది. కుంచించుకోవలసినంత కుంచించుకుపోయి ఉంటుంది. పోవలసిన రంగు చాలావరకు పోయి ఉంటుంది. చెమటను, తడిని బాగా పీల్చుకుంటుంది. పాత పొరల మధ్య ఒక కొత్త పొర పెడితే, మొదటి ఉతుకుకే అది ముడుచుకుని మిగతా పొరలను ముడతలు పడేస్తుంది.

ఇక్కడే ఈనాటి చిక్కు ఉంది. మన బీరువాల్లోని పాత చీరల్లో ఎక్కువ భాగం పాలియెస్టర్ కలిసినవి. అవి తడి పీల్చవు, పసివాళ్లకు పనికిరావు. అనుమానం ఉంటే ఒక పోగు తీసి, పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడండి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలాగా మిగులుతుంది. ఇంట్లో నూలు చీర ఉంటే దానిని స్టీలు సామానుకు ఇచ్చేసే ముందు ఒకసారి ఆలోచించండి.

కుట్టే పద్ధతి

పసిబిడ్డ కింద పరిచేందుకు 40 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు చాలు. బట్టను ఉతికి ఆరబెట్టి, చిరుగులు లేని భాగాలను మూడు నాలుగు పొరలకు సరిపడా కత్తిరించండి. మెత్తని లేత రంగు ముక్కను పైకి ఉంచండి. నేల మీద ముడత లేకుండా పరిచి, మూలల్లో బరువులు పెట్టండి. ముందుగా పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయాలి. వీటిని మధ్య నుంచి అంచుల వైపు వేయండి. అంచుల నుంచి మొదలుపెడితే వదులంతా మధ్యకు చేరి ఉబ్బుతుంది.

తరువాత అంచులు లోపలికి మడిచి కుట్టి, పొడవునా అర అంగుళం ఎడంతో రన్నింగ్ కుట్టు వేయండి. సూది ప్రతిసారీ అన్ని పొరల్లోంచీ దిగాలి. దారాన్ని బిగించి లాగకండి. కొద్దిగా లాగితే బట్ట మీద సన్నని అలలు వస్తాయి. కాంథాకు ఆ అలలే గుర్తు. పొరల మధ్య నిలిచిన గాలి వేడిని పోనివ్వదు. చివరగా కచ్చా కుట్లు విప్పేసి, సూదులు, ముడులు మిగలలేదని చూసుకుని, మరోసారి ఉతకండి. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు బొంత పైన కప్పకూడదు. ముఖం మీదికి జారితే ఊపిరి ఆడదు. కింద ముడతలు లేకుండా, బిగువుగా పరచడానికే వాడండి.

శ్రమ ఎంత?

ఒక లెక్క చూద్దాం. 30 అంగుళాల వెడల్పులో అర అంగుళానికి ఒకటి చొప్పున 60 వరుసలు పడతాయి. అంగుళానికి మూడు కుట్లు వేస్తే ఒక్కో వరుసలో 120 కుట్లు, మొత్తం 7,200 కుట్లు. రోజుకు రెండు వరుసలు కుడితే నెల రోజుల పని. బట్టకు ఖర్చు లేదని 'ఊరికే వచ్చిన బహుమతి' అనుకునేవారికి ఈ లెక్క చెప్పాలి. ఇదే పని ఇళ్లలో కూలికి కుట్టే స్త్రీలకు గంటల లెక్కన ఎంత అందుతున్నదో కూడా కొనేవారు ఆలోచించాలి. బజారులో కాంథా పేరుతో దొరికే పట్టు చీర మీద ఉన్నది ఒకే పొర మీది అలంకారం. పొరలను కలిపే బొంత వేరు.

అభ్యాసం: మొదట 12 అంగుళాల చదరపు ముక్కతో పుస్తకం చుట్టే బేటన్ కుట్టి చూడండి. వెనక్కి తిప్పి, ప్రతి కుట్టూ అవతలి పొరలో కనబడుతున్నదా అని పరిశీలించండి. కనబడని చోట విప్పి మళ్లీ కుట్టండి. చేయి కుదిరాక పెద్ద బొంత మొదలుపెట్టవచ్చు.