కవరు ఎవరిచ్చారో తెలీదు... లోపల పది కోట్లు!

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర తలెత్తితే ఆకాశం కన్నా ముందు బోర్డులు కనిపిస్తాయి. జావా, ఒరాకిల్, శాప్, పైథాన్... ఏ కోర్సు కావాలంటే ఆ కోర్సు. కరపత్రాలు చేతిలో కుక్కే కుర్రాళ్ళను తప్పించుకుని పక్కనున్న మైత్రీవిహార్‌లోకి తిరిగితే గోల కాస్త తగ్గుతుంది. 'ప్లాట్ నంబర్ 2, మైత్రీవిహార్, అమీర్‌పేట'... దేశంలోని పెద్ద మందుల కంపెనీల్లో ఒకటైన అరబిందో ఫార్మా కాగితాల మీద ఏళ్ళ తరబడి అచ్చయిన రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా అది. కోచింగ్ క్లాసు నుంచి మెస్సుకు పరుగెత్తేవాళ్ళకి దాంతో పనేముంటుంది?

2024 మార్చిలో మాత్రం ఆ కంపెనీ పేరు దేశమంతా చదివింది. మందుల పట్టీలో కాదు, చందాల పట్టీలో.

సుప్రీంకోర్టు ఆదేశంతో స్టేట్ బ్యాంకు ఇచ్చిన ఎన్నికల బాండ్ల వివరాలను ఎన్నికల సంఘం మార్చి 14న బయటపెట్టింది. కొన్నవాళ్ళ పేర్లు ఒక పట్టికలో, సొమ్ము చేసుకున్న పార్టీల పేర్లు ఇంకో పట్టికలో. ఎవరిది ఎవరికి చేరిందో కలపడానికి వీల్లేదు! కోర్టు మళ్ళీ గట్టిగా అడిగాక మార్చి 21న బాండ్ల నంబర్లు కూడా వచ్చాయి. అప్పుడు తేలింది లెక్క. అరబిందో కొన్న బాండ్లు రూ.52 కోట్లవి. అందులో బీజేపీకి 34.5 కోట్లు, అప్పట్లో తెలంగాణను ఏలిన బీఆర్‌ఎస్‌కు 15 కోట్లు, తెలుగుదేశానికి 2.5 కోట్లు.

సొమ్ము కన్నా జనం నోట ఎక్కువగా నానింది తేదీలు.

ఢిల్లీ మద్యం విధానం కేసులో కంపెనీ డైరెక్టర్ శరత్ చంద్రారెడ్డిని ఈడీ అరెస్టు చేసింది 2022 నవంబర్ 10న. కంపెనీ కార్యకలాపాలతో ఆయనకు సంబంధం లేదని అరబిందో స్టాక్ ఎక్స్ఛేంజీలకు చెప్పుకుంది. అరెస్టయిన అయిదు రోజులకు, అంటే నవంబర్ 15న, కంపెనీ అయిదు కోట్ల బాండ్లు కొంది. ఆ నెలలోనే అవి బీజేపీ ఖాతాలో జమయ్యాయి. 2023 మేలో శరత్ చంద్రారెడ్డికి బెయిలొచ్చింది. జూన్‌లో అప్రూవర్‌గా మారారు. నవంబర్‌లో కంపెనీ మరో పాతిక కోట్ల బాండ్లు కొంది. అవీ బీజేపీకే వెళ్ళాయి. బాండ్ల నంబర్లు బయటికొచ్చిన మార్చి 21 రాత్రే అదే మద్యం కేసులో ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్‌ను ఈడీ అరెస్టు చేయడంతో ఈ తేదీలన్నీ ఒక్కసారిగా నోళ్ళకెక్కాయి.

ఇంతవరకూ కాగితాల్లో ఉన్నదే. దాడులకూ చందాలకూ ముడిపెట్టడం ఊహాగానమేనని కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కొట్టిపారేశారు. నిజానికి ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన ఒకదానివల్ల ఒకటి జరిగిందని అనలేం. అరెస్టుకు ముందు కూడా ఆ కంపెనీ చందాలిచ్చింది. బీజేపీకి నాలుగున్నర కోట్లు, బీఆర్‌ఎస్‌కు మొత్తం పదిహేనూ అప్పటివే. మరి అసలు ప్రశ్న ఏమిటి? ఎవరికెంత ముట్టిందన్నది తెలిసిపోయింది. తీసుకున్న నాయకుడికి ఆ రోజున ఏం తెలుసు? అక్కడే వస్తుంది చిక్కంతా.

తెలియకుండా కట్టిన ఏర్పాటు

2018 జనవరి 2న నోటిఫై అయిన బాండ్ల పథకం అల్లికే అంత. వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా అయిదు రకాలు. స్టేట్ బ్యాంకు ఎంపిక చేసిన శాఖల్లోనే అమ్మకం. హైదరాబాద్‌లో అయితే కోఠీ బ్యాంక్ స్ట్రీట్‌లోని మెయిన్ బ్రాంచి. కొన్నవాడు అన్ని గుర్తింపు కాగితాలూ ఇవ్వాలి. బాండు మీద మాత్రం పేరుండదు. 15 రోజుల్లో పార్టీ దాన్ని మార్చుకోవాలి. ఎవరిచ్చారో పార్టీ లెక్క చెప్పక్కర్లేదు. అంతకు ముందు ఏడాది ఆర్థిక చట్టంతోనే కంపెనీల చందాకు ఉన్న పరిమితి (మూడేళ్ళ సగటు నికరలాభంలో ఏడున్నర శాతం) ఎత్తేశారు. రిజర్వు బ్యాంకు వద్దంది. ఎన్నికల సంఘం ఇది తిరోగమనమని లేఖ రాసింది. వినిందెవరు?

పైగా బాండు మీద కంటికి కనిపించని నంబరొకటి. అతినీలలోహిత కాంతి కింద పెడితేనే తెలుస్తుంది. అది భద్రత కోసమేనంది ప్రభుత్వం. ఆ నంబరే 2024లో దాతనూ గ్రహీతనూ కలిపింది.

పార్టీలు చెప్పిన సమాధానాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2019లో సుప్రీంకోర్టు అడిగితే సీల్డు కవర్లలో ఎన్నికల సంఘానికి ఇచ్చిన వివరాలవి. పాట్నాలోని తమ ఆఫీసుకు 2019 ఏప్రిల్ 3న ఎవరో వచ్చి ఓ కవరు ఇచ్చి వెళ్ళారనీ, విప్పితే కోటి రూపాయల బాండ్లు పది ఉన్నాయనీ జనతాదళ్ (యు) రాసింది. బాండ్లు తమ ఆఫీసు డ్రాప్ బాక్సులో పడ్డాయంది తృణమూల్ కాంగ్రెస్. పేర్లు రాసిపెట్టుకోవాలని చట్టంలో లేదంది బీజేపీ. డీఎంకేలాంటి కొన్ని పార్టీలే దాతల పేర్లు చెప్పాయి. ఇంటి ముందు పాలప్యాకెట్ వేసే కుర్రాడు మారితే రెండోరోజుకే కనిపెట్టే దేశంలో పది కోట్లు ఎవరిచ్చారో తెలియదట!

2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. గోప్యత ఓటరుకే తప్ప, పెద్ద చందా ఇచ్చినవాడు తన పేరు పార్టీకి తెలిసేలా చేసుకోలేడనుకోవడం కుదరదని కూడా గుర్తించింది.

కెమెరా ముందు లక్ష

తెలియదనడానికి వీల్లేకుండా దొరికిపోయిన నాయకుడు ఒకరున్నారు. ఆయనదీ హైదరాబాదే. బీజేపీ జాతీయ అధ్యక్షుడిగా ఎదిగిన బంగారు లక్ష్మణ్. సైన్యానికి పరికరాలమ్మే వ్యాపారుల వేషంలో వచ్చిన తెహల్కా విలేకరుల నుంచి 2001 జనవరిలో లక్ష రూపాయల కట్ట అందుకుని సొరుగులో పెట్టుకున్నారు. మార్చి 13న ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. అది పార్టీ నిధికిచ్చిన సొమ్మన్నారాయన. పదవి పోయింది. 2012 ఏప్రిల్‌లో సీబీఐ ప్రత్యేక కోర్టు నాలుగేళ్ళ జైలుశిక్ష వేసింది. 2014 మార్చిలో ఆయన కన్నుమూశారు.

లక్ష రూపాయలు... చేతికిచ్చింది ఎవరో, ఎందుకో కెమెరాకి తెలుసు కాబట్టి శిక్ష పడింది. అదే 'పార్టీ నిధి' కోట్లలో, బ్యాంకు ద్వారా, పేరు లేని కాగితంగా వస్తే ప్రశ్న అడిగే చోటే ఉండదు.

పంజగుట్ట చౌరస్తా

మైత్రీవనం నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ వెళితే పంజగుట్ట. చౌరస్తాలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి విగ్రహం. ఆయన పేరు వింటే పేదల వైద్యం గుర్తుకొచ్చేవాళ్ళున్నారు, 26 జీవోలు గుర్తుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆ జీవోలపై 2012 మార్చిలో సుప్రీంకోర్టు ఆరుగురు మంత్రులకూ ఎనిమిదిమంది ఐఏఎస్‌లకూ నోటీసులిచ్చింది. అదే నెలాఖరున జగన్ ఆస్తుల కేసులో సీబీఐ వేసిన మొదటి ఛార్జిషీటులో కూడా అరబిందో పేరుంది, హెటెరోతో పాటు. జడ్చర్ల సెజ్‌లో భూములిచ్చినందుకు బదులుగా జగతి పబ్లికేషన్స్‌లో పెట్టుబడులు పెట్టారన్నది అభియోగం. నిందితులు దాన్ని కాదన్నారు. అది చందా కాదు, పెట్టుబడి. కానీ ప్రశ్న అదే. సంతకం పెట్టినవాడికి సంగతి తెలుసా?

మంత్రులు అవి కేబినెట్ నిర్ణయాలన్నారు. ఫైలు కింది నుంచి వచ్చిందని ఒకరు, పై నుంచి చెప్పారని ఇంకొకరు. వాన్‌పిక్ వ్యవహారంలో మంత్రి మోపిదేవి వెంకటరమణ 2012 మేలో అరెస్టయ్యారు. నిజంగా తెలుసునా అని అడగాల్సిన మనిషి 2009 సెప్టెంబర్ 2నే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఛార్జిషీట్లు అధికారులనూ మంత్రులనూ వ్యాపారులనూ చుట్టుకున్నాయి. మధ్యలోని కుర్చీ ఖాళీ.

ఇదంతా ఒక్క కంపెనీ కథో, ఒక్క పార్టీ కథో అనుకుంటే పొరపాటు. పంజగుట్ట దాటగానే సోమాజిగూడలో కనిపించే యశోద ఆసుపత్రి పేరిట రూ.162 కోట్ల బాండ్లున్నాయి. అందులో 94 కోట్లు బీఆర్‌ఎస్‌కు, 64 కోట్లు కాంగ్రెస్‌కు. బాలానగర్‌లోని మేఘా ఇంజనీరింగ్ కొన్నవి 966 కోట్లు. దేశంలో రెండో స్థానం! బయటపడ్డ లెక్కల ప్రకారం, 2019 ఏప్రిల్ నుంచి చూస్తే, ఒక్క రాష్ట్రంలో అధికారంలో ఉన్న బీఆర్‌ఎస్‌కు బాండ్ల ద్వారా చేరింది రూ.1,214 కోట్ల పైమాటే. దేశంలోని పార్టీల్లో నాలుగో స్థానం. దాతలు ఏ ఆశతో ఇచ్చారని అప్పట్లో అధికారంలో ఉన్న నాయకుల్ని నిలదీసిన విచారణ సంస్థ మాత్రం లేదు.

భయపడ్డవాడే చెప్పాలట

అడిగే ప్రయత్నం జరగలేదా? జరిగింది. ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాలని కామన్ కాజ్, సీపీఐఎల్ సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. మామూలు చట్టాల్లో ఉన్న దారులే వాడుకోండని 2024 ఆగస్టు 2న కోర్టు పంపించేసింది.

ఆ మామూలు దారినే బెంగళూరులో ఒకరు పట్టారు. జనాధికార సంఘర్ష పరిషత్ తరఫున ఆదర్శ్ అయ్యర్ చేసిన ఫిర్యాదుపై 2024 సెప్టెంబర్‌లో ప్రత్యేక కోర్టు ఎఫ్ఐఆర్ నమోదుకు ఆదేశించింది. ఈడీ దాడులతో భయపెట్టి బాండ్లు కొనిపించారన్నది ఆరోపణ. నిర్మలా సీతారామన్, కర్ణాటక బీజేపీ నేత నళిన్ కుమార్ కటీల్ తదితరులు నిందితులు. కంపెనీల జాబితాలో అరబిందో ఉంది. రెండు మూడు రోజులకే హైకోర్టు స్టే ఇచ్చింది. డిసెంబర్ 3న కటీల్ పిటిషన్‌పై కేసే కొట్టేసింది. బెదిరించి డబ్బు గుంజడం నేరమవ్వాలంటే బెదిరిపోయినవాడు, సొమ్ము పోగొట్టుకున్నవాడు ఉండాలి. ఫిర్యాదుదారుకు పోయిందేమీ లేదు కదా అన్నది కోర్టు చూసిన కోణం.

చట్టం చెప్పింది తప్పనలేం. కానీ నిజంగా బెదిరి ఇచ్చినవాడెవడైనా ఉంటే పోలీస్ స్టేషన్‌కి వస్తాడా? వచ్చాక వ్యాపారం చేసుకోగలడా?

బాండ్లు పోయాక చందాలు చెక్కుల దారి, ఎలక్టోరల్ ట్రస్టుల దారి పట్టాయి. ట్రస్టు ఎవరెవరి దగ్గర ఎంత తీసుకుందో చెబుతుంది. ఏ పార్టీకి ఎంతిచ్చిందో కూడా చెబుతుంది. ఫలానా కంపెనీ సొమ్ము ఫలానా పార్టీకే చేరిందా అంటే... అన్నీ ఒకే కుండలో పోసి గరిటెతో వడ్డించినట్టే. 2024 మార్చిలో చూసినట్టు మళ్ళీ రెండు పట్టికలు. ఈసారి కలిపే నంబరు లేదు.