పిన్ని ఇంటి కప్పు, ఒక అరబీ మాట

హవల్లీలో మేముండే వీధి చివర ఒక ఖాళీ స్థలం ఉంది. చలి ముదరక ముందు, మళ్లీ చలి పోయాక, అక్కడ ఒక పిట్ట దిగుతుంది. తల మీద విసనకర్ర లాంటి కుచ్చు ఉంటుంది. రెక్కల మీద నలుపు, తెలుపు చారలు. పొడవాటి ముక్కు మట్టిలో గుచ్చి పురుగులు ఏరుకుంటుంది. నాతో పనిచేసే ఈజిప్టు ఆయన ఒకరోజు దాన్ని చూపించి, "హుద్‌హుద్" అన్నాడు. సులేమాన్ రాజుకు దూరదేశం కబురు తెచ్చిన పిట్ట అదేనట.

నాకు మాత్రం ఆ పేరు వింటే పిట్ట గుర్తుకు రాదు. విశాఖపట్నంలో మా పిన్ని ఇల్లు గుర్తుకొస్తుంది.

మన సముద్రాల్లో పుట్టే తుఫానులకు చుట్టుపక్కల దేశాలు పేర్లు ఇస్తాయి. 2014లో బంగాళాఖాతంలో వచ్చిన ఒక తుఫానుకు ఒమాన్ దేశం ఇచ్చిన పేరు హుద్‌హుద్. అక్టోబర్ 12, ఆదివారం నాడు అది విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. తుఫాను మధ్యలో ఒక కన్ను ఉంటుంది. ఆ కన్ను పైనుంచి పోయేటప్పుడు గాలి ఆగిపోతుంది. అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు. అప్పుడు గాలి రెండోవైపు నుంచి కొడుతుంది. ఆ రోజు మా పిన్ని ఇంటి రేకులు పోయింది ఆ రెండో గాలికే.

కువైట్‌లో ఆదివారం పనిరోజు. నేను కొట్లో లెక్కలు రాస్తూ, గంటకోసారి ఫోన్ చేస్తున్నాను. అవతల ఏ శబ్దమూ లేదు. సెల్ టవర్లు పడిపోయాయి, కరెంటు లేదు. కబురు తెచ్చే పిట్ట పేరు పెట్టుకున్న తుఫాను, నాలుగు రోజుల పాటు ఒక్క కబురూ రానివ్వలేదు. అయిదో రోజు పిన్ని గొంతు వినబడింది.

"ఏటి సెప్పను నాన్నా, పైన కప్పు నేదు" అంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. "నేదు" అంటే "లేదు". "ఏటి" అంటే "ఏమిటి". ఇది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు మాట. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా "నేదు" అంటుంటే దాన్ని తప్పు తెలుగు అనుకోకండి. మీ ముత్తాతలు ఏ తీరం నుంచి ఓడ ఎక్కారో ఆ మాట చెబుతుండవచ్చు.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. మంచి ముందు చెప్పాలి. 1977 నవంబర్ 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు వేలమంది చనిపోయారు. సముద్రం లేచి ఊరి మీద పడటాన్నే ఉప్పెన అంటాం. హుద్‌హుద్‌కు ముందు హెచ్చరికలు వచ్చాయి. లక్షలమందిని తీరం నుంచి తరలించారు. అంత పెద్ద నగరం మీద తుఫాను నేరుగా పడినా, చనిపోయినవారి సంఖ్య పదుల్లోనే ఉంది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రోజుల తరబడి నగరంలోనే మకాం వేశారు. ప్రధాని మోదీ 14వ తేదీన వచ్చి, తక్షణ సాయంగా 1,000 కోట్ల రూపాయలు ప్రకటించారు. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయినా, వారం తిరక్కుండా విమానాలు మళ్లీ దిగాయి. ఇతర జిల్లాల నుంచి వచ్చిన కరెంటు పనివాళ్లు రాత్రనక పగలనక స్తంభాలు నిలబెట్టారు. రోడ్ల మీద పడిన చెట్లను కోసి తీశారు. ఆ చెట్లు ఎండిపోయి ఉన్నాయని, నిప్పురవ్వ పడితే ప్రమాదమని, ఆ ఏడాది నగరంలో దీపావళికి టపాకాయలు కూడా వద్దన్నారు.

ఇదంతా నిజం. అయితే ఆ తర్వాతి పనుల్లో నెలలు, ఏళ్లు గడిచాయి.

నష్టం 21 వేల కోట్ల పైచిలుకని రాష్ట్ర ప్రభుత్వం లెక్క వేసింది. కేంద్రం ప్రకటించిన 1,000 కోట్ల పక్కన ఆ అంకె పెట్టి చూడండి. అప్పు కోసం ప్రపంచ బ్యాంకును అడిగారు. 2015లో 25 కోట్ల డాలర్లు ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకుంది. అంటే ఆ సంతకాలకే సగం ఏడాదికి పైగా పట్టింది. ఇంకోసారి స్తంభాలు పడకూడదని, నగరంలో కరెంటు తీగలను భూమి కింద వేయాలనుకున్నారు. మంచి ఆలోచనే. కానీ తుఫాను వెళ్లి అయిదేళ్లయినా ఆ పని పూర్తి కాలేదు. కొండల మీద పోయిన పచ్చదనం గురించి చెప్పక్కర్లేదు, చెట్టు ఏ ప్రభుత్వం మాటా వినదు.

మా పిన్నిది ప్రభుత్వ స్థలంలో రేకుల ఇల్లు. భర్త పోయాక ఇళ్లలో పనిచేసి కట్టుకుంది. తుఫాను వెళ్లాక ఆమెకు బియ్యం అందాయి, కూరగాయలు అందాయి. ఇంటి నష్టానికి మాత్రం జాబితాలో పేరు ఎక్కాలి. జాబితా రాసేవాళ్లు వచ్చి ఇల్లు చూడాలి. ఎప్పుడు వస్తారో ఎవరూ చెప్పలేదు. పైన ఆకాశం, కింద తడిసిన చాప, ఇంట్లో చదువుకునే ఆడపిల్ల. నేను 60 దినార్లు పంపాను. అప్పటి లెక్కలో అవి 12 వేల రూపాయలకు పైనే. బజార్లో రేకుల ధర అప్పటికే పెరిగిపోయింది. పిన్ని ఆ డబ్బుకు తోడు ఇంకొంత అప్పు చేసి కప్పు వేయించుకుంది.

కప్పు వేసిన కొన్నాళ్లకు జాబితావాళ్లు వచ్చారు. పైకి చూశారు. కొత్త రేకులు మెరుస్తున్నాయి.

"ఇల్లు బాగానే ఉంది కదమ్మా" అన్నారు.

పాత రేకులు ఎక్కడ పడ్డాయో ఆమెకు తెలియదు. పడిన ఇంటి ఫొటో లేదు, కెమెరా ఫోను లేదు. పక్కింటాయన అప్పు పుట్టక పరదా కట్టుకుని కూర్చున్నాడు. ఆయన పేరు ఎక్కింది. పిన్ని పేరు ఎక్కలేదు. ఆయన మీద ఆమెకు కోపం లేదు, నాకూ లేదు. కానీ నేను పంపిన డబ్బే ఆమె పేరు చెరిపేసిందా అని ఇప్పటికీ అనిపిస్తుంది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు దూరం నుంచి డబ్బు పంపి ఉంటారు, ఈ బాధ మీకు అర్థమవుతుంది.

తర్వాత ఆమె ఒక కార్యాలయానికి దరఖాస్తు పట్టుకుని తిరిగింది. "మంజూరు కావాలి" అన్నారు. మంజూరు అంటే పైఅధికారి ఒప్పుకోవడం. ఈ మాటను తెలుగువాళ్లం రోజూ వాడతాం, అది మన మాటే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు కొట్లో ఈజిప్టు ఆయనకు పిన్ని కథ చెబుతుంటే, ఆయన ఆ మాట దగ్గర నన్ను ఆపాడు. "మన్‌జూర్? అది అరబీ మాట కదా. చూడబడినది అని అర్థం" అన్నాడు.

అప్పటి నుంచి మేమిద్దరం టీ తాగుతూ ఇలాంటి మాటలు ఏరుకుంటున్నాం. జాబితా, బకాయి, హామీ, అన్నీ అరబీ నుంచి ఫారసీ, ఉర్దూ మీదుగా మన కచేరీలకు వచ్చినవే. తుఫాను కూడా అంతే. అరబీలో తూఫాన్ అంటే జలప్రళయం. మనకు సొంతంగా గాలివాన ఉంది, ఉప్పెన ఉంది. కాగితాల మీది సాయానికి మాత్రం అరువు మాటలే ఎక్కువ.

మంజూరు అసలు అర్థం విన్నాక నాకు విశాఖపట్నం ఇంకోలా కనబడింది. విమానాశ్రయం, బీచ్ రోడ్డు అందరూ చూసేవి. అవి త్వరగా లేచాయి. సందులో రేకుల ఇల్లు చూడాలంటే ఎవరో ఒకరు నడిచి వెళ్లాలి, అదీ సమయానికి వెళ్లాలి. అధికారులను పూర్తిగా తప్పుపట్టలేను. వేల ఇళ్లు, కొద్దిమంది మనుషులు, పైగా పడని ఇంటికి డబ్బు ఇచ్చారనే మాట పడతామన్న భయం. అయినా, కప్పు వేసుకున్నవాళ్లను రేకులు కొన్న చీటీ అడిగి ఉండవచ్చు. పిన్ని దగ్గర ఆ చీటీ ఉంది. ఎవరూ అడగలేదు.

ఇది ఒక్క మన దేశం సంగతి కాదు. ఫిజీలో ఉన్నవారికి 2016 ఫిబ్రవరిలో వచ్చిన విన్‌స్టన్ గుర్తుండే ఉంటుంది. అక్కడి ప్రభుత్వం ఇంటి సామాను కొనుక్కోమని కార్డులు ఇచ్చింది. కార్డు ఉన్నా, దుకాణంలో సామాను లేక జనం నెలల తరబడి ఎదురుచూశారు. మారిషస్‌లో 1960 నాటి కరోల్ తర్వాత కట్టిన కాలనీల్లో మీలో కొందరు పెరిగి ఉంటారు. డబ్బున్న ఈ కువైట్‌లో కూడా 2018 నవంబర్‌లో వానలకు రోడ్లు మునిగి, ప్రజాపనుల మంత్రి రాజీనామా చేశారు.

ఇంకా వెనక్కి వెళితే కోరంగి ఉంది. గోదావరి నోటి దగ్గరి ఈ రేవు పేరు మీదే మారిషస్‌లో తెలుగువారిని కొరంగీలు అన్నారు. 1839 నవంబర్‌లో అక్కడ ఉప్పెన వచ్చింది. దాని గురించి పుస్తకాల్లో కనబడే లక్షల అంకెలు నేను నమ్మను. లెక్క రాసినవాళ్లే లేరు. ఒండ్రు మేట కూడా తోడై ఆ రేవు మళ్లీ పాత స్థితికి రాలేదు. జాబితా లేదు, మంజూరు లేదు.

పోయిన సెలవుల్లో పిన్నిని చూడ్డానికి వెళ్లాను. రేకులు తుప్పు పట్టాయి. అప్పు తీర్చడానికి మూడేళ్లు పట్టిందట. దరఖాస్తు ఇచ్చినప్పుడు కార్యాలయంలో ఇచ్చిన రసీదును చూపించమన్నాను. బియ్యం డబ్బా మూత తీసి, ప్లాస్టిక్ కవరులోంచి బయటికి తీసింది. సిరా వెలిసిపోయింది, ముద్ర మాత్రం కనబడుతోంది.

"ఇంకా ఎందుకు దాచావు పిన్నీ?" అన్నాను.

"అడిగితే సూపించాలి కదా నాన్నా" అంది. మళ్లీ కవరులో పెట్టి, డబ్బా మూసేసింది.